వానకీ బురదకీ ఎండకీ ఒకటే టైరు: డెల్టా రోడ్లకి పోల్చి చూసి కొనడం ఎలా?

మా మేనల్లుడు మాంట్రియల్‌లో ఉంటాడు. అక్కడ డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా కారుకి వింటర్ టైర్లు తప్పనిసరి, చట్టమే ఉంది. ఒకరోజు ఫోన్ చేసి, "మావయ్యా, మూడు రకాలు చూశాను. తడి రోడ్డు మీద ఒకటి బాగా ఆగుతోందంట, మంచు మీద ఇంకోటి, పొడి రోడ్డు మీద మూడోది. ఏది కొనమంటావ్?" అన్నాడు. "మంచు నేనెప్పుడు చూశాన్రా, ఫ్రిజ్‌లో తప్ప" అన్నాను. కానీ వాడు పంపిన పట్టిక చూస్తుంటే ఒక సంగతి తట్టింది. అందులో 'మంచు' అన్న చోట 'బురద' అని రాసుకుంటే అది అచ్చం మన గోదావరి డెల్టా రోడ్ల పట్టికే.

మూడింట్లోనూ ఫస్టు వచ్చే టైరు ఎక్కడా దొరకదు. వాడి ఊళ్లోనూ లేదు, మన ఊళ్లోనూ లేదు. ఒక చోట పట్టు పెంచితే ఇంకో చోట తగ్గుతుంది. కాబట్టి "ఏది మంచి టైరు?" అని షాపులో అడగకండి. నా కారు ఎక్కడ జారుతుంది, అక్కడ ఏది ఆపుతుంది అన్నది ముందు తేల్చుకుని, తర్వాత షాపు మెట్లెక్కండి.

ముందు మీ రోడ్డు సంగతి రాసుకోండి

ఒక వారం పాటు మీరు తిరిగే దారుల్ని ఒక కాగితం మీద పెట్టండి. ఎన్ని కిలోమీటర్లు 16వ నంబరు హైవే మీద, ఎన్ని 216 మీద, ఎన్ని కాలవగట్ల మీద, ఎన్ని పుంతల్లో, అంటే చేల మధ్య మట్టిదారుల్లో. రావులపాలెం నుంచి రాజమండ్రి ఎయిర్‌పోర్టుకి రోజూ తిరిగే మనిషికీ, లంకలో అరటితోటకి వెళ్లొచ్చే మనిషికీ ఒకే టైరు సరిపోదు.

తర్వాత ఆ దారుల్లో తడి ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. మన దగ్గర రోడ్డు తడవడానికి వానే పడక్కర్లేదు. భీమవరం వైపు చేపల వ్యాన్లు, రొయ్యల వ్యాన్లు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఊడ్పుల రోజుల్లో ట్రాక్టర్లు దమ్ము చేసి చేలోంచి రోడ్డెక్కి, చక్రాలకున్న బురదంతా తారు మీదే దులుపుతాయి. మాసూళ్లప్పుడు సగం రోడ్డు ధాన్యం, మిగతా సగం గడ్డి. ధనుర్మాసంలో తెల్లవారుజామున వీటన్నింటి మీదా మంచు కురుస్తుంది. ఎండు గడ్డి మీద బ్రేకు వేస్తే కూడా కారు జారుతుంది, నమ్మకపోతే నెమ్మదిగా వెళ్తూ ఒకసారి చూడండి.

నాకు బుద్ధి వచ్చింది ట్రాక్టరు బురద దగ్గరే. జులై నెల, ముసురు. కాలవగట్టు మీద మలుపు తిరిగాను, స్పీడు నలభై కూడా లేదు. తారు మీద బురద ఒక పొరలాగా పరుచుకుని ఉంది, పైన సన్నటి తుంపర. స్టీరింగు తిప్పాను, చేతుల్లో బరువే తెలియలేదు, ఉత్త స్టీరింగు తిప్పినట్టుంది. కారు మాత్రం తిన్నగా కాలవ వైపే వెళ్తోంది. గట్టు అంచున రాళ్లు తగిలి ఆగింది. కింద గుర్రపుడెక్క, దాని కింద నీళ్లు. దిగి ముందు టైరు గాడిలో వేలు పెట్టి చూస్తే, గాడి లేదు, మట్టి పూసిన నున్నటి రబ్బరు ఉంది. అరిగిపోయిన టైరుకి తోడు గాడుల్లో బంకమట్టి కూరుకుంది. ఇంక నీళ్లు పోయే దారేదీ?

గాడుల పని అదే. టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న నీటిని పక్కకి తోసేయడం. ఒక్కో టైరు రోడ్డుని తాకే చోటు దాదాపు మన అరచెయ్యంత ఉంటుంది. అంటే మొత్తం కారు నాలుగు అరచేతుల మీద నడుస్తోంది. నీళ్లు బయటికి పోలేకపోతే టైరు నీటి మీద తేలుతుంది, అప్పుడు బ్రేకూ స్టీరింగూ రెండూ పనిచేయవు. పడవకి బ్రేకులుండవు కదా.

టైరు పక్క రాతలు చదవడం

షాపువాడు చెప్పే కబుర్లన్నింటికన్నా టైరు గోడ మీద ఉన్న రాతలు నమ్మకమైనవి. ఉదాహరణకి 185/65 ఆర్15 88 హెచ్ అని ఉందనుకోండి. 185 అంటే వెడల్పు మిల్లీమీటర్లలో. 65 అంటే గోడ ఎత్తు ఆ వెడల్పులో 65 శాతం. ఆర్ అంటే రేడియల్, 15 రిమ్ము సైజు అంగుళాల్లో. 88 అంటే ఒక్కో టైరు 560 కిలోల దాకా మోస్తుంది. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. మీ కారు పుస్తకంలో ఉన్న బరువు నంబరు కన్నా తక్కువది ఎంత చవగ్గా ఇచ్చినా తీసుకోకండి. సంక్రాంతికి అల్లుళ్లూ పిల్లలూ అరిసెల డబ్బాలతో సహా ఎక్కితే అప్పుడు తెలుస్తుంది దాని విలువ.

ఇంకా వెడల్పాటి టైరు వేయిస్తే గ్రిప్పు పెరుగుతుందని కొందరు సలహా ఇస్తారు. పొడి రోడ్డు మీద కొంత నిజం. నీళ్లలో మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీటిని తోయాలి, అందుకే త్వరగా తేలుతుంది. డెల్టాలో కంపెనీ ఇచ్చిన సైజే ఉంచుకోండి.

ఆ తర్వాత తేదీ. డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైంది. ఒకసారి నాకు ఒక షాపులో 'ఆఫర్' అంటూ నాలుగు టైర్లు బిగించారు. ఇంటికొచ్చి చూస్తే రెండు ఆ ఏడాదివి, రెండు అంతకు మూడేళ్ల ముందువి. వెనక్కి తీసుకెళ్తే "బిగించాక మార్చం సార్" అన్నాడు. కాబట్టి బిగించకముందే నాలుగింటి తేదీలూ ఫోన్లో ఫొటో తీసుకోండి. తేదీ ఉన్న గోడ ఒక్కోసారి లోపలి వైపుకి ఉంటుంది, బిగించాక కనబడదు.

ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో కూడా చూడండి, మన దేశంలో అమ్మే టైరుకి అది తప్పనిసరి.

పోలిక మొదలు: ముందు తడి

నా లెక్కలో నూటికి అరవై మార్కులు తడి రోడ్డుకే. మిగతా నలభైని బురదకీ ఎండకీ మీ దారిని బట్టి పంచుకోండి. ఎందుకంటే పొడి తారు మీద ఓ మోస్తరు టైరైనా ఆగుతుంది. తడిలోనే మంచి టైరుకీ నాసి టైరుకీ తేడా బయటపడుతుంది.

చాలా టైర్ల మీద ట్రెడ్‌వేర్, ట్రాక్షన్, టెంపరేచర్ అని మూడు రాతలుంటాయి. అమెరికా పద్ధతి ఇది. అందులో ట్రాక్షన్ అనేది తడి రోడ్డు మీద తిన్నగా వెళ్తూ బ్రేకు వేస్తే ఎంత పట్టిందో చెప్పే గ్రేడు. ఏఏ అన్నింటికన్నా పైది, తర్వాత ఏ, బి, సి. మనం ఏఏ లేదా ఏ చూసుకోవాలి. ట్రెడ్‌వేర్ అంకె ఎంత పెద్దదైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుంది. షాపువాడు "ఇది లక్ష కిలోమీటర్లొస్తుందండి" అని ఊదరగొట్టేది దీన్ని చూపించే. కానీ అరగని రబ్బరు మామూలుగా గట్టి రబ్బరు, గట్టి రబ్బరుకి తడిలో పట్టు తక్కువ. మిగిలిన డబ్బు కాలవలోంచి కారు తీయించే క్రేనుకి సరిపోతుంది.

అదే టైరు యూరప్‌లో కూడా అమ్ముతుంటే అక్కడి లేబుల్ ఇంటర్నెట్లో దొరుకుతుంది. మబ్బు, చినుకుల బొమ్మ పక్కన ఏ నుంచి ఈ దాకా ఒక అక్షరం ఉంటుంది, అది తడి పట్టు. అయితే పేరు ఒకటే అయినా ఇక్కడ తయారైన దాని రబ్బరు వేరే కావచ్చు, కాబట్టి దాన్ని గీటురాయిలా కాకుండా ఒక ఆనవాలుగానే చూడండి. మన దగ్గర కూడా తడి పట్టు కనీసం ఇంత ఉండాలని కేంద్రం 2022లో ఏఐఎస్-142 నిబంధనలు నోటిఫై చేసింది. అది కనీస మార్కు మాత్రమే, పాసైన వాళ్లందరూ ఒకటి కాదు. ఇక షాపులో కనబడే స్టార్ల లేబుల్ చూసి తడిలో బాగా ఆగుతుందని పొరపాటు పడకండి. అది పెట్రోలు ఎంత ఆదా చేస్తుందో చెప్పేది.

కళ్లతో చూసేది కూడా కొంత ఉంది. టైరు చుట్టూ నిలువుగా లోతైన గాడులు మూడో నాలుగో ఉండాలి. వాటి నుంచి పక్కలకి నీళ్లు పోయే చిన్న దారులుండాలి, పొలంలో బోదెలూ పిల్లకాలవలూ ఉన్నట్టు. గాడుల మధ్య ఉండే రబ్బరు దిమ్మల మీద బ్లేడుతో కోసినట్టు సన్నటి చీలికలుంటే ఇంకా మంచిది, తడి రోడ్డుని పట్టుకునేవి అవే.

బురద సంగతి

మన మట్టి నల్లరేగడి, ఒండ్రు. తడిస్తే బంక. ఇక్కడ సన్న చీలికలు ఏమీ చేయలేవు, మట్టి కూరుకుని మూసుకుపోతాయి. దిమ్మలు పెద్దవిగా, మధ్య ఖాళీలు వెడల్పుగా ఉంటేనే చక్రం తిరుగుతున్నప్పుడు మట్టి ఊడి పడుతుంది. ఆల్ టెర్రెయిన్ టైర్లు, మడ్ టైర్లు అలాంటివే.

అయితే ఇక్కడొక మాట చెప్పాలి. ఈమధ్య అమలాపురంలో, పాలకొల్లులో పెద్ద కార్లన్నింటికీ బటన్ల టైర్లు (ఈ పెద్ద దిమ్మల టైర్లే) వేయిస్తున్నారు, చూడ్డానికి సింహంలా ఉంటుందని. ఆ కార్లు తిరిగేది ఇంటి నుంచి ఫంక్షన్ హాలుకి. తడి తారు మీద ఆ టైర్లు మామూలు టైరు కన్నా ఆలస్యంగా ఆగుతాయి, రొద పెడతాయి, పెట్రోలు ఎక్కువ తాగుతాయి. రోజూ చెరువుగట్టు మీదకీ లంకలోకీ బండి దించే రైతు అయితే ఆల్ టెర్రెయిన్ వేయించుకోండి, తప్పులేదు. వారానికోసారి పుంతలో అర కిలోమీటరు దిగేవాళ్లకి మామూలు రోడ్డు టైరే మేలు. ఆ అర కిలోమీటరు నడిచి వెళ్లొచ్చు.

పుంతలోంచి తారెక్కిన వెంటనే ఒక పని చేయండి. మొదటి వంద మీటర్లు ఇరవై స్పీడులో వెళ్లండి, గాడుల్లో మట్టి రాలిపోతుంది. మరీ బంకగా ఉంటే దిగి పుల్లతో గీకేయండి. నేనైతే డిక్కీలో ఒక కొబ్బరిమట్ట ముక్క పెట్టుకుంటాను.

ఎండ

మేలో మన తారు మీద చెప్పులు లేకుండా నిలబడలేం. టైరుకి పొడి రోడ్డు మీద పట్టు కన్నా వేడిని తట్టుకోవడమే అసలు పరీక్ష. పైన చెప్పిన మూడు రాతల్లో టెంపరేచర్ దగ్గర ఏ ఉన్నది తీసుకోండి. టైర్లు పేలేది ఎక్కువగా గాలి తక్కువై, బరువెక్కువై, ఎండలో హైవే మీద పరిగెత్తినప్పుడు. గాలి తక్కువుంటే టైరు గోడ ప్రతి చుట్టుకీ నలుగుతుంది, నలిగే కొద్దీ వేడెక్కుతుంది.

వింటర్ టైర్లు మనకి ఎందుకు పనికిరావో కూడా ఇక్కడే అర్థమవుతుంది. వాటి రబ్బరు 7 డిగ్రీల కన్నా తక్కువ చలిలో మెత్తగా ఉండేలా కలుపుతారు, మామూలు టైరు ఆ చలికి గట్టిపడిపోతుంది. గోడ మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచుపువ్వు బొమ్మ ఉంటే అది మంచు మీద పరీక్ష పాసైన టైరు. ఉత్త ఎం ప్లస్ ఎస్ (మడ్, స్నో, అంటే బురద, మంచు) అని ఉంటే గాడులు ఆ తీరులో ఉన్నాయని కంపెనీ చెప్పుకోవడం మాత్రమే. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి శీతాకాలం టైరుగా కొండబొమ్మ ఉన్నదాన్నే ఒప్పుకుంటున్నారు. మొట్టమొదటి శీతాకాలం టైరు 1934లో ఫిన్లాండ్‌లోని నోకియన్ కంపెనీ లారీల కోసం చేసింది. మన ఎండకి ఆ రబ్బరు ఇంకా మెత్తబడి, బ్రేకు వేస్తే సాగుతూ ఆలస్యంగా ఆగుతుంది, పెన్సిలు గీత చెరిపే రబ్బరులా అరిగిపోతుంది. మేనల్లుడికి చెప్పింది కూడా ఇదే. నీ రోడ్డు మీద మంచు ఎన్ని రోజులు, తడి ఎన్ని రోజులు లెక్కేసుకో, మంచు మీద మొదటిది కాకపోయినా రెండోదై, తడిలో మొదటిదైతే అది కొనుక్కో, మార్చి దాటగానే తీసేయి అని.

లంబసింగి వెళ్లడానికి ఏమైనా ప్రత్యేకం కావాలా అని ఏటా డిసెంబర్లో ఎవరో ఒకరు అడుగుతారు. అక్కర్లేదు. అక్కడ తెల్లగా కనిపించేది పొగమంచు, గడ్డి మీద పేరుకున్న నుసి. చలి గంటల్లో మామూలు టైరు పట్టు కొంచెం తగ్గుతుంది, ఘాట్ మలుపులు నెమ్మదిగా తిరగండి, చాలు.

మీరే ఒక పరీక్ష పెట్టండి

ఈ భాగం నాకు భలే ఇష్టం. మన ఊళ్ల చుట్టూ ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఎవరూ ఇల్లు కట్టని వెంచర్లు ఎన్ని లేవు! యజమానిని అడిగి, మనుషులూ పశువులూ లేని తిన్నటి రోడ్డు ఒకటి చూసుకోండి. పక్కన కాలవ ఉండకూడదు, అది ముఖ్యం.

రోడ్డుకి అడ్డంగా ముగ్గుపిండితో ఒక గీత గీయండి. పక్కన ఒక మనిషిని, కారుకి దూరంగా, మేస్త్రీ దగ్గర అడిగి తెచ్చిన టేపుతో నిలబెట్టండి. కారులో మీరొక్కరే, సీటుబెల్టుతో. సరిగ్గా నలభై స్పీడులో వచ్చి, ముందు చక్రం గీత తాకగానే బ్రేకు పూర్తిగా తొక్కండి. ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారైతే పెడలు కాలి కింద టకటకా కొట్టుకుంటుంది, భయపడి కాలు తీయకండి. ఏబీఎస్ లేని పాత కారుతో ఈ పరీక్ష వద్దు. ఆగిన చోట ముందు చక్రం దాకా కొలవండి. మూడుసార్లు చేసి సగటు రాసుకోండి. తర్వాత వాన వెలిశాక అదే రోడ్డు మీద, అదే గాలి పెట్టుకుని, అదే బరువుతో మళ్లీ మూడుసార్లు.

పొడి తారు మీద మంచి టైరు నలభై స్పీడుకి సుమారు 8 మీటర్లలో ఆగాలి. తడిలో ఎంత పెరిగిందన్నదే మీ టైరు గుణం. స్పీడు రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లవుతుందని గుర్తుంచుకోండి, నలభైలో 8 అయితే ఎనభైలో 32 మీటర్లు. దానికి ముందు మీ కాలు బ్రేకు మీదకి వెళ్లడానికి పట్టే సెకనులో ఇంకో 22 మీటర్లు. ఎనభైతో ఈ పరీక్ష మాత్రం ఎప్పుడూ చేయకండి.

ఒకే రోజు రెండు రకాల టైర్లు పోల్చలేం కదా అంటారా? పాతవి తీయించే ముందు ఒకసారి, కొత్తవి కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక ఒకసారి చేయండి. అదే మోడల్ కారు ఉన్న స్నేహితుడుంటే ఇద్దరూ కలిసి చేయండి. ఈ కొలతలు రాసుకున్న పుస్తకం దాచుకోండి, వచ్చేసారి కొనేటప్పుడు షాపువాడి మాట కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

కొన్నాక

గాడి లోతు నెలకోసారి కొలవండి. పరికరం కొనక్కర్లేదు, అగ్గిపుల్ల గాడిలో నిలబెట్టి, గోటితో గుర్తు పట్టి, పిల్లల స్కేలు మీద పెట్టండి. కొత్త కారు టైరుకి సుమారు 7, 8 మిల్లీమీటర్లుంటుంది. చట్టం 1.6 దాకా ఒప్పుకుంటుంది, గాడి అడుగున అడ్డంగా ఉండే చిన్న గట్టు ఆ గుర్తే. నేను మాత్రం 3 దగ్గరికి రాగానే, జూన్ రాకముందే మార్చేస్తాను. 3 దాటి తగ్గితే తడిలో పట్టు గబగబా పడిపోతుంది.

గాలి పదిహేను రోజులకోసారి, పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూడండి. ఎంత పెట్టాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. వానాకాలంలో గ్రిప్పు కోసం గాలి తగ్గించమని చెప్పే పంక్చర్ షాపులు మన దగ్గర చాలా ఉన్నాయి, వినకండి. 1960ల్లో నాసా విమానాల టైర్ల మీద చేసిన పరిశోధనలో గాలి ఒత్తిడి తగ్గే కొద్దీ తక్కువ స్పీడుకే టైరు నీటిమీద తేలుతుందని తేలింది. ఆ సూత్రం ప్రకారం 33 పాయింట్ల దగ్గర గంటకు 95 కిలోమీటర్లకి తేలే టైరు, 25 పాయింట్లకి దించితే 83కే తేలుతుంది. అరిగిన టైరైతే దారి నీళ్లతో నిండిన చోట ఇంకా ముందే. నైట్రోజన్ నింపుతామంటే నవ్వి ఊరుకోండి, మామూలు గాలిలో 78 శాతం అదే.

రెండే కొత్త టైర్లు కొంటే వెనక వేయించండి. ముందు వేద్దామని మెకానిక్కు గట్టిగానే వాదిస్తాడు. ముందు టైరు జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే చాలావరకు సర్దుకుంటుంది. వెనక జారితే కారు బొంగరంలా తిరుగుతుంది, గట్టు మీద తిరిగే చోటెక్కడిది? గోడ మీద బాణం గుర్తున్న టైరైతే బాణం ముందుకి తిరిగే వైపే ఉండాలి. తిరగేసి బిగిస్తే గాడులు నీటిని బయటికి తోయాల్సింది పోయి లోపలికి లాగుతాయి. ఔట్‌సైడ్ అని రాసి ఉంటే ఆ వైపు బయటికి. అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అప్పుడే చేయించేయండి.

బైకు వాళ్లకి రెండే మాటలు. గాడుల గురించి, గాలి గురించి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది. తడిలో తెల్ల గీతల మీద, గడ్డి మీద, వంతెన జాయింట్ల ఇనుము మీద వాలకండి, తిన్నగా దాటండి. తొలివాన పడ్డ మొదటి పావుగంట ఎక్కడైనా టీ తాగండి, ఎండాకాలమంతా రోడ్డుకి పట్టిన ఆయిలూ దుమ్మూ అప్పుడే తేలుతుంది.

కొత్త టైరు మీద అచ్చులోంచి తీసేటప్పటి జిడ్డు కొంచెం ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు ఎగబడి నడపకండి. ఇక తీసేసిన పాత టైర్లు షాపులో వదిలేసేటప్పుడు వాటి గోడ మీద బ్లేడుతో ఒక గాటు పెట్టించండి, లేకపోతే గాడులు చెక్కి ఇంకెవరికో అంటగడతారు. మావి నేను కోటిపల్లి రేవులో ఇచ్చేశాను. పంటు ఒడ్డుకి తగలకుండా తాళ్లతో పక్కన వేలాడదీశారు.